గొర్రెల వీపుల మీద ఫోను తాళం

మార్కాపురం నుంచి ఇంటికొచ్చి సంచి కింద పెట్టానో లేదో మా ఆడపడుచు ఫోన్ చేసింది. ఆ పక్క చూడ్డానికి ఏమున్నాయి, ఎండలు ఎలా ఉన్నాయి, తిండి పడిందా అని అడిగింది. చూడ్డానికి చాలానే ఉన్నాయి గానీ నేను చూడ్డానికి వెళ్ళలేదమ్మా, గొంతు చించుకోవడానికి వెళ్ళాను అన్నాను. గొంతు నిజంగానే పోయింది. వారం రోజులు మిరియాల పాలు తాగాను.

నేను తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో కంప్యూటర్లు చెప్తాను. పల్లెటూళ్ళ ఆడవాళ్ళ మధ్య పనిచేసే ఒక సంఘం వాళ్ళు, ఫోన్లలో మోసాలు ఎక్కువైపోయాయి మేడమ్, మా వాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి రండి అని అడిగారు. సెలవులే కదా అని ఒప్పుకున్నాను. జిల్లాలు విడగొట్టాక మిగిలిన ప్రకాశంలో పడమటి వైపు ఊళ్ళవి: మార్కాపురం, తర్లుపాడు, గిద్దలూరు. కాలవల పక్కన పుట్టి పెరిగిన నాకు ఆ ఎర్రనేల కొత్త. మనుషులు మాత్రం కొత్త కాదనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇందులో పేర్లేవీ అసలు పేర్లు కావు. ఒకటి రెండు ఊళ్ళు కూడా మార్చాను. ఏవి మార్చానో చెప్పను, అడిగినా చెప్పను. ఇందులో వచ్చే ఒక చిన్న కుటుంబం దూరంగా వేరే చోటికి వెళ్ళిపోయిందన్న కబురు తెలిశాకే దీన్ని అచ్చుకిస్తున్నాను.

మార్కాపురం: లాడ్జీ

రైలు దిగి లాడ్జీకి వెళ్ళాను. కౌంటర్లో ఉన్నాయన ఆధార్ అడిగాడు. జిరాక్సు కాపీ తీసి, దాని మీద "లాడ్జీ గది కోసం మాత్రమే" అని అడ్డంగా రాసి, తేదీ వేసి ఇచ్చాను. నా క్లాసుల్లో మొదటి పాఠమే అది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇట్ల గీతలు కొట్టినాక పనికిరాదమ్మా, అసలు కార్డు ఇవ్వు అన్నాడు. ఇచ్చాను. చటుక్కున ఫోను తీసి ఫొటో కొట్టాడు.

ఆ ఫొటో ఎక్కడికి పోతుందని అడిగాను. గ్రూపులో వేస్తానన్నాడు. గ్రూపులో ఎవరెవరుంటారని అడిగాను. ఓనరు, ఓనరు బామ్మర్ది, వాచ్‌మెన్, మంచినీళ్ళ క్యాన్లు వేసే ఆయన. మంచినీళ్ళ క్యాన్లాయనకి నా పుట్టినతేదీ ఎందుకయ్యా అన్నాను. పాపం ఆయన నిజంగానే ఆలోచించాడు. ఆలోచించి, "ఆయన మంచోడేలే మేడమ్" అన్నాడు.

నా కళ్ళ ముందు ఆ ఫొటో తీయించేసి, చెత్తబుట్టలో పడ్డదాన్ని కూడా తీయించేసి, గది తీసుకునేసరికి నా వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. ఈమె ఏదో కేసులో ఇరుక్కొని వచ్చిందని అనుకున్నట్టున్నారు. ఒకావిడ నన్ను జాలిగా చూసింది. గది మాత్రం శుభ్రంగా ఉంది. ఫ్యాను తిరిగింది, నీళ్ళొచ్చాయి.

పొద్దున ఇడ్లీ తిన్నాను. మా తెనాలిలో అల్లప్పచ్చడి లేనిదే ఇడ్లీ గొంతు దిగదు. ఇక్కడ చెనిక్కాయల చట్నీ, పైన నెయ్యి కారంపొడి. ప్లేటు ముప్పై రూపాయలు. మా ఊళ్ళో దానికి నలభై తీసుకుని, రెండోసారి చట్నీ అడిగితే మొహం అదోలా పెడతారు. ఇక్కడ అడక్కుండానే వేశాడు. అందుకు ఆయన్ని మనసారా మెచ్చుకుని బయటికొచ్చాను. ఆ పూటకి నేను మెచ్చుకున్నది అదొక్కటే.

జిరాక్సు దుకాణం

నేను తెచ్చిన పోస్టర్లు చాలవని కాపీలు తీయించడానికి బజార్లో జిరాక్సు దుకాణానికి పోయాను. ఓనరు పెద్దాయన. శెట్టిగారు అంటే చాలు, అందరికీ తెలుసు. వాళ్ళ నాయన కాలంలో అది పలకల దుకాణమట. మార్కాపురం పలకల మీద అ ఆలు దిద్దని వాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు? నేనూ దిద్దాను. ఆ పలకలు ఇప్పుడు కొనేవాళ్ళు తగ్గిపోతే ఈయన జిరాక్సు మిషను పెట్టుకున్నాడు.

కంప్యూటరు తెర మీద ఖాళీ అన్నది లేదు. తెరంతా మనుషులే. ఆధార్లు, రేషను కార్డులు, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు, వేలిముద్రలు వేసిన కాగితాలు, అన్నీ పేర్లతో సహా. నేను నోరు తెరిచి చూస్తుంటే శెట్టిగారికి గర్వం వచ్చింది. ఊళ్ళో ఎవరూ కార్డులు మోసుకు తిరగక్కర్లేదట, వచ్చి పేరు చెప్తే చాలట, ఏ కాగితం కావాలన్నా ఇక్కడే ఉంటుందట. ఇల్లు కాలిపోయినా శెట్టి దుకాణంలో కాగితం ఉంటుందని జనం ధైర్యంగా ఉంటారట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇవన్నీ ఎవరి చేతిలోనైనా పడితే ఏమవుతుందో నిలబడి అరగంట చెప్పాను. ఆయనకి బాధ కలిగింది. ఇన్నేళ్ళ దుకాణంలో ఒక్క కాగితం గడప దాటి పోలేదమ్మా, మా మీద అట్ల మాట పడలేదు అన్నాడు. ఆయన ఆ మాట అంటున్నప్పుడే ఆయన వెనక ఒక గిరాకీ, తొందరలో ఉన్నాడు కాబోలు, తనే మౌసు పట్టుకుని తన కార్డు కోసం ఒక్కొక్కరి కార్డూ తెరిచి మూస్తున్నాడు. అటు చూడండి అని చూపించాను. శెట్టిగారు వెనక్కి తిరిగి, "మూడో వరసలో ఉంటది చూడు నాయనా" అని ఆయనకి సాయం చేశాడు.

నా పోస్టరు మీద పెద్దక్షరాలతో "మీ కాగితాల కాపీలు ఎవరి దగ్గరా ఉంచవద్దు" అని ఉంది. ఆయన దాన్ని పైకి చదివి, బాగా రాసినావు మేడమ్ అని మెచ్చుకుని, ఒకటి అడిగి తీసుకుని తన అద్దానికే అంటించుకున్నాడు. నేను పోస్టర్లు సంచిలో పెట్టుకుని ఎందుకో తెర వైపు చూద్దును కదా, నా పోస్టరు కాపీయే, దాని కింద ఉన్న నా పేరుతో ఒక కొత్త ఫైలుగా ఉంది. మళ్ళీ వచ్చినప్పుడు పనికొస్తదని ఉంచాడట. ఎవరితో కొట్లాడేది?

తర్లుపాడు వైపు

తర్లుపాడు వైపు షేరాటోలో వెళ్ళాను. దారికి అటూ ఇటూ పలకరాయి తవ్వి పోసిన గుట్టలు, వాటి వెనక కందిచేలు, దూరంగా నల్లమల. గాలి వేడిగా ఉన్నా తేలిగ్గా ఉంది. మా వైపులాగా చెమట పట్టదు. నాలుగు నిమిషాలు మనసు కుదుటపడింది. అంతలో పక్కనాయనకి ఫోను వచ్చింది.

స్పీకరు పెట్టి మాట్లాడాడు. ఏదో కనెక్షను కోసం వచ్చిన నంబరు చెప్పమని అవతలివాళ్ళు అడుగుతున్నారు. ఈయన అరిచి చెప్పాడు. సిగ్నలు లేక వాళ్ళకి వినపడలేదు. మళ్ళీ అరిచాడు. అప్పుడు డ్రైవరు ఆటో పక్కకి ఆపి, ఆ ఫోను తన నోటి దగ్గర పెట్టుకుని ఆ ఆరంకెలూ ఒక్కొక్కటే విడమరిచి చెప్పాడు. వెనక కూర్చున్న ముసలావిడ కూడా, "కడన తొమ్మిది నాయనా, ఏడు కాదు" అని సరిదిద్దింది. ఆటోలో ఎనిమిది మందిమి ఉన్నాం. నేను తల పట్టుకుని కూర్చున్నాను. తలనొప్పా అక్కా అని డ్రైవరు అడిగి, సీటు కింద నుంచి మంచినీళ్ళ సీసా తీసి ఇచ్చాడు. ఇంత మంచివాళ్ళని తిట్టడం ఎలాగో నాకు ఏ పుస్తకంలోనూ నేర్పలేదు.

ఊరి ముందర గొర్రెల మంద అడ్డం వచ్చి ఆటో మళ్ళీ ఆగింది. వందకి పైనే ఉంటాయి. ప్రతి గొర్రె వీపు మీదా ఎర్ర రంగుతో ఒకటే గుర్తు: పైన అడ్డగీత, దాని కుడి చివర నుంచి కిందికి నిలువు గీత. మందలు కలిసిపోయినప్పుడు ఏవి ఎవరివో తెలియడానికి ఇంటికొక గుర్తు ఉంటుందని డ్రైవరు చెప్పాడు. ముచ్చటేసి ఫొటో తీసుకున్నాను.

బడి వరండా

మీటింగు బడి వరండాలో. ఇరవై ముప్పై మంది ఆడవాళ్ళు వచ్చారు, ఎక్కువమంది గొర్రెలు, మేకలు ఉన్న ఇళ్ళ వాళ్ళు. నేను మోసాల గురించి చెప్పాను, నంబర్లు చెప్పొద్దని చెప్పాను, తెలియని లింకులు నొక్కొద్దని చెప్పాను. శ్రద్ధగా విన్నారు. ఆఖర్న ఏమైనా అడగండి అంటే ఒక పెద్దామె లేచి, "ఇదంతా ఉన్నోళ్ళకి గదమ్మా. మా కాడ ఏముంది దాసుకోను?" అంది. అందరూ అవునవునన్నారు. ఆ మాట ఆ పర్యటనలో నాకు ఎన్నిసార్లు తగిలిందో చెప్పలేను. ప్రతిసారీ నా పాఠమంతా నీళ్ళపాలు అయినట్టుండేది.

సరే, తాళాలైనా సరిచూద్దామని ఫోన్లు తీయమన్నాను. తొమ్మిది చుక్కల మీద వేలితో గీత గీసి తెరిచే తాళమే అందరిదీ. ముందు వరసలో నలభై దాటిన ఒకామె ఉంది. పేరు అంకమ్మ అనుకోండి. ఆమె ఫోను తెరుస్తుంటే గీత కనపడింది. పైన అడ్డంగా, కుడి చివర నుంచి కిందికి. ఎక్కడో చూశానే అనుకుని, నా ఫోనులో గొర్రెల ఫొటో తీసి పక్కన పెట్టి చూశాను. అదే గీత.

"ఇదేంటమ్మా, గొర్రెల గుర్తే ఫోనుకి పెట్టారా?"

"మా ఇంటి గుర్తు గదా అక్కా. ఇంట్లో ఎవురూ మర్సిపోరు" అంది అంకమ్మ, నేను అంత తెలివితక్కువ ప్రశ్న ఎందుకు అడిగానో అర్థం కానట్టు.

ఆ ఒక్క ఇల్లే కాదు. వీధి వీధంతా అంతే. ఇంటి మంద గుర్తు ఏదో, ఇంటి ఫోను గుర్తూ అదే. పక్కనామె అంకమ్మ చేతిలోంచి ఫోను లాక్కుని, నాకూ తెలుసు ఇదీ అంటూ ఒక్క గీతతో తెరిచి చూపించింది. అందరూ ఘొల్లుమని నవ్వారు. నేను ఇక ఉండబట్టలేక గట్టిగానే అరిచాను. పొద్దున లేస్తే వందా నూటయాభై గొర్రెలు మీ ఇంటి తాళాన్ని వీపుల మీద మోసుకుంటూ రోడ్డెమ్మట తిరుగుతున్నాయి, ఇంక తాళం ఎందుకు అన్నాను. ఇంకా నవ్వారు. అంకమ్మ మాత్రం ఫోను వెనక్కి తీసుకుని గబుక్కున బొడ్లో దోపుకుంది.

అప్పుడే ఆమె మరిది వచ్చాడు. పేరు నాసరయ్య అనుకోండి. వరండా కింద నిలబడి మాటా పలుకూ లేకుండా చెయ్యి చాపాడు. అంకమ్మ ఫోను తీసి ఇచ్చింది. తనది బొమ్మలు రాని బటన్ల ఫోనట. ఆయన గీత గీసి, పాటలు పెట్టుకుని, చూసుకుంటూ పోయాడు. ఎవరికీ అది వింతగా లేదు. సందేహాలొస్తే అడగండని నా నంబరు నల్లబల్ల మీద రాసి నేను మీటింగు ముగించాను.

ఆ రాత్రి అంకమ్మ వాళ్ళ ఇంట్లోనే ఉండిపోయాను. సజ్జరొట్టె, వంకాయ కూర, గడ్డపెరుగు పెట్టింది. ఇన్ని గొర్రెలున్నాయి కదా, వారానికోసారైనా మాంసం వండుకుంటారా అని అడిగితే ఆమె భర్త కొండయ్య నవ్వాడు. పండగకో, చుట్టం వస్తేనో తప్ప కొయ్యరట. చుట్టం వచ్చింది గదా కోస్తామన్నాడు. నేను వద్దని బతిమాలాల్సి వచ్చింది.

గొర్రెల దొడ్డి

తెల్లారి మందను మేతకి వదిలాక అంకమ్మ దొడ్డి ఊడుస్తూ నన్ను పిలిచింది. కొండయ్య, నాసరయ్య మందతో పోయారు. ఆ దొడ్డిలో ఆమె చెప్పినదాన్ని నేను ఇక్కడ నా మాటల్లో చెప్తాను.

వాళ్ళకి ఒక్కతే కూతురు. సుజాత అనుకోండి. ఏడాది దాటింది, వాళ్ళ కులం కాని అబ్బాయిని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. కొండయ్య ఆ రోజు నుంచి ఆ పిల్ల పేరు ఎత్తడు. నాసరయ్య మాత్రం ఊరుకోలేదు. కనిగిరి దాకా పోయి వెతికాడు. ఎక్కడున్నా ఈడ్చుకొస్తాను, ఆ పిలగాణ్ణి బతకనియ్యను అని నలుగురిలో అన్నాడు. వాళ్ళు హైదరాబాదులో ఉన్నారని ఈ ఇంట్లో అందరూ నమ్ముతున్నారు. కానీ వాళ్ళున్నది గిద్దలూరులో. ఎంత దూరమని? బస్సెక్కితే పూట కూడా పట్టదు. ఆడపిల్ల పుట్టి ఇంకా నెల తిరగలేదు. ఆ పిల్ల ఫొటోలు అంకమ్మ ఫోనులో ఉన్నాయి. అన్నం మూట తీసుకుని మంద దగ్గరికి పోయేటప్పుడు దారిలో కూతురితో మాట్లాడుతుంది. కూతురి నంబరు "గొర్రెల డాక్టరు" అని ఉంటుంది.

నిన్న నేను గొర్రెల గురించి అరిచి అందరినీ నవ్వించానే, ఆ నవ్వులో ఈమె గుండె జారిపోయిందట. ఒక ఫొటోలో పాప వెనక ఊరి పేరున్న దుకాణం బోర్డు పడిందని కూతురే చెప్పిందట. చదువు రాక ఆమెకి ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తెలియదు. అదే ఫోను రోజూ సాయంత్రం నాసరయ్య చేతికి పోతుంది.

"దొంగోళ్ళ గురించి చెప్పినావు గదా అక్కా. నాకు ఇంట్లోవాళ్ళకి తెరుచుకోని తాళం కావాల. అది ఉంటదా?" అంది.

ఉంటుందన్నాను. ఉండకపోవడమేంటి. ఫోను తీసుకుని పాత గుర్తు తీసేసి, కొత్తది నువ్వే గియ్యి, మంద గుర్తు కాదు, వాకిట్లో వేసే ముగ్గూ కాదు, ఎవరికీ తెలియనిది గియ్యి అని చెప్పి మొహం పక్కకి తిప్పుకున్నాను. చూడక్కా, సరిపోయిందా అంది. నేను చూడకూడదమ్మా అన్నాను. నువ్వు చూస్తే ఏమి అంది. తల్లీ, నేను కూడా చూడకూడదు, అదే గదా తాళమంటే అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వేలిముద్ర కూడా పెడదామని చూశాను. తాళ్ళు పేనీ పేడ ఎత్తీ ఆమె వేళ్ళు అరిగిపోయాయి, ఫోను ఒక్క వేలినీ ఒప్పుకోలేదు. ఫొటోలు తీసెయ్యనా అన్నాను. పాప మొహం ఇంకోసారి చూస్తానని ఫోను వెనక్కి తీసుకుంది. ఇంకా నాలుగు మాటలు చెప్పేదాన్నే, పక్కింటామె పేడకళ్ళెత్తడానికి రావడంతో ఆగిపోయాను.

నేను గిద్దలూరు పోతున్నానని ఆమెకి తెలుసు. కాయం ఉండలు చేసి గుడ్డలో కట్టి నా సంచి అడుగున పెట్టింది. బాలింత పొద్దున్నే ఒకటి తినాలని, పైన చల్లటివి తాగొద్దని చెప్పమంది. కూతురి నంబరు నా ఫోనులో ఎక్కించుకున్నాను. వచ్చేటప్పుడు గడపలో నిలబడి, "ఎందుకు తెరుచుకోదని అడిగితే ఏం చెప్పేది?" అంది మెల్లగా. నీ ఫోను నీ ఇష్టం, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అన్నాను దర్జాగా. ఆమె నన్ను ఒకసారి చూసి సంచి అందించింది.

కంభం బస్టాండు

కంభంలో బస్సు మారాలి. బస్టాండులో టీ తాగుతూ నా దర్జా మాట మళ్ళీ గుర్తొచ్చింది. గ్లాసు అక్కడే పెట్టేశాను.

ఎంత మొద్దుబుర్ర నాది. ఆ ఇంట్లో ఏ పెట్టెకీ తాళం లేదు. ఏ తలుపుకీ గడియ లేదు. ఊరందరికీ తెరుచుకునే ఫోను ఒక్క పొద్దుటితో తెరుచుకోకుండా పోతే, ఇందులో ఏదో ఉంది అని చాటింపు వేసినట్టే కదా. ఫొటోలు మాత్రమే ఉన్నప్పుడు నాసరయ్య కంట పడితే పడేవి, లేకపోతే లేదు. ఇప్పుడు తాళం చూశాక వెతక్కుండా ఉంటాడా? ఆమెని ఏం అడుగుతాడు, ఎలా అడుగుతాడు? పాతికేళ్ళుగా పిల్లలకి తాళాలు పెట్టడం నేర్పుతున్నాను. తాళం ఎవరింట్లో పెడుతున్నామో చూసుకోమని ఒక్కరికీ చెప్పలేదు.

ఫోన్ చేద్దామా అంటే ఎవరు ఎత్తుతారో తెలియదు. వెనక్కి వెళ్దామా అంటే వెళ్ళి ఏం చెప్పాలి. పక్కన ఒకాయన కంభం చెరువు చూడకుండా పోవద్దు మేడమ్, ఎంత పెద్దదనుకున్నారు అని వివరంగా చెప్తున్నాడు. ఆయన మీద అకారణంగా విసుక్కున్నాను. తర్వాత సిగ్గేసి, ఆయన టీకి కూడా నేనే ఇచ్చాను. చెరువు చూడలేదు.

గిద్దలూరు

ఒక సందులో ఒకటే గది, ముందు రేకుల పంచ. అల్లుడు పనికి పోయాడు. సుజాత పంచలో నులకమంచం మీద పాపని పడుకోబెట్టుకుని కూర్చుంది. నేనెవరో ఫోనులో ముందే చెప్పాను కాబట్టి లేచి నవ్వింది. అచ్చం తల్లి నవ్వే. మూట విప్పి, కాయం వాసన చూసి, ఒక ఉండ అక్కడే నోట్లో వేసుకుంది. తింటూ తింటూ కళ్ళు తుడుచుకుంది. మంట ఎక్కువైంది మేడమ్ అంది. కాయం ఘాటుకి అంత నీళ్ళు రావని నాకూ తెలుసు.

తాళం సంగతి చెప్పేశాను. నా పొరపాటు కూడా చెప్పాను. సుజాత పాపని ఒళ్ళోకి తీసుకుంది. ఈ ఊళ్ళో ఇల్లు దొరకడానికే ఎంత తిరిగారో, మళ్ళీ ఎక్కడికి పోవాలో అని మెల్లగా చెప్పుకొస్తుంటే నా ఫోను మోగింది. పేరు లేని నంబరు. సుజాత అది చూసి తెల్లబోయింది.

"మా చిన్నాయన" అంది.

ఆమెకీ వినపడాలి కదా అని స్పీకరు పెట్టి ఎత్తాను. నాసరయ్య నమస్కారం కూడా లేకుండా మొదలుపెట్టాడు. తాళాలు నేర్పిస్తానని మా వదినె చేతిలో ఫోను తీసుకుని ఏందో గీసినావంట, పొద్దున్నించి తెరుచుకోవట్లేదు, ఏం గుర్తు ఏసినావో చెప్పు అన్నాడు. ఆ ముక్క వినగానే నాకు ఊపిరి ఆడింది. అంకమ్మ తనకేమీ తెలియదంది. అంతా నా మీదికి తోసేసింది. ఎంత బాగా తోసింది తల్లి!

గుర్తు నాకూ జ్ఞాపకం లేదండీ అన్నాను.

"జ్ఞాపకం లేదా? తాళం మర్సిపోగూడదని నిన్న ఊరికంతా బుద్ధులు చెప్పినావంటే."

"చెప్పాను. తప్పు నాదే. చూపించబోయి ఫోను పాడుచేశాను. ఇంక ఏం గీసినా తెరుచుకోదు. ఏ దుకాణానికి తీసుకెళ్ళినా అంతా తుడిచేయాల్సిందే అంటారు. తుడిపించేయండి."

పాటలు పోతాయా అన్నాడు. పోతాయన్నాను. గొర్రెల వీడియోలు? అవీ పోతాయి, ఏదీ మిగలదు అన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు పని రాదని నా నోటితో నేను ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఆయన ఊరుకోలేదు. నువ్వు యాడుండావో చెప్పు, ఫోను తీసుకొని వస్తా, నువ్వే బాగుచెయ్యి అన్నాడు. సుజాత చెయ్యి పాప వీపు మీద ఆగిపోయింది. రైల్లో ఉన్నాను, నంద్యాల దగ్గరికి వచ్చేశాను అని చెప్పాను. సరిగ్గా అప్పుడే పాప కూత పెట్టింది. ఎవరి బిడ్డ అన్నాడు. ఎదురు సీట్లో ఆమెదండీ అన్నాను.

ఆయన ఇంకేదో అనబోతుంటే అవతల ఫోను చేతులు మారింది. ఈసారి అంకమ్మ.

ఆమె గొంతు అంత గట్టిదని నాకు తెలియదు. దొడ్డిలో నాతో మాట్లాడిన మనిషేనా అనిపించింది. చదువుకున్నదానివని నమ్మి చేతికిస్తే నా ఫోను నాశనం చేసినావే అని మొదలుపెట్టింది. నీ తాళాలు నీ ఇంట్లో ఏసుకోపో, మా ఊరికి ఇంకోపాలి రామాకు, నీకు రొట్టెలు కాల్చి పెట్టినందుకు నాకు బాగా శాస్తి చేసినావు అని, ఊపిరి తీసుకోకుండా తిడుతోంది. నన్ను అంతగా తిట్టినవాళ్ళు పుట్టింట్లోనూ లేరు, అత్తింట్లోనూ లేరు. పొద్దున మూట కట్టి ఇచ్చిన మనిషికి ఈ వేళకి నేను ఎవరి ముందు కూర్చుని ఉంటానో తెలియకపోదు. తెలిసే ఇంత పెద్ద గొంతు పెట్టిందా, మరిది వినాలని పెట్టిందా, నేను చెప్పలేను.

ఎంత నటనైనా తిట్లు తిట్లే. చెవులు కాలుతున్నాయి. తప్పయిపోయిందమ్మా అని ఫోను పెట్టేయబోయాను. సుజాత నా మణికట్టు పట్టుకుంది. ఏదో చెప్పాలన్నట్టు పెదాలు కదిలిస్తే, మన మాట అవతలికి పోకుండా మ్యూట్ నొక్కాను.

"కట్ చెయ్యమాకు మేడమ్. తిట్టనీ" అంది. "మా అమ్మ ఇట్ల గట్టిగా మాట్లాడేది యిని ఏడాది దాటింది. నాతో ఎప్పుడూ గుసగుసలే. పాప ఆ గొంతు ఒక్కపాలి కూడా యిన్లేదు."

పాపని ఎత్తి నా పక్కన మంచం మీద పడుకోబెట్టింది. అవతల అంకమ్మ నా చదువునీ, నా ఊరినీ, నేను తిన్న రొట్టెలనీ తిడుతూనే ఉంది. పాప ఏడుపు మాని అటు తల తిప్పింది. నేను ఫోను దాని చెవి దగ్గరికి ఇంకొంచెం జరిపి పట్టుకున్నాను.